ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేటప్పుడు భద్రత: చిన్న పల్లెనా, మార్కెట్ టౌనా, కొత్త ఎస్టేటా, సిటీ సెంటరా?

లండన్‌కి వాయవ్యంగా ఉన్న మిల్టన్ కీన్స్ చుట్టుపక్కల ఇల్లు వెతికే తెలుగు కుటుంబాల్లో ఒక వాదన తరచూ వినిపిస్తుంది. అక్కడి హ్యాన్స్‌లోప్, షెరింగ్టన్ లాంటి పల్లెలో ఒక ఇల్లు నచ్చుతుంది. పాత రాతి గోడలు, వెనక పెద్ద పెరడు, దాని వెనక పొలాలు. "ఇక్కడ దొంగల భయం ఉండదు" అంటారు ఒకరు. "రాత్రయితే అంతా చీకటి, ఏదైనా జరిగితే ఎవరొస్తారు?" అంటారు ఇంకొకరు. ఇద్దరి మాటా కొట్టిపారేయడానికి లేదు.

నేరాల సంఖ్య ఒక్కటే చూస్తే పల్లెదే పైచేయి. జనాభా లెక్కన చూసినప్పుడు ఇంగ్లండ్ పల్లె ప్రాంతాల్లో చాలా రకాల నేరాలు నగరాల కంటే తక్కువని ప్రభుత్వ గణాంకాలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. అయితే ఇల్లు కొనే నిర్ణయం ఆ ఒక్క అంకె మీద తీసుకునేది కాదు. మీ ఇంటికి ఏ నేరం తగిలే అవకాశం ఉంది, తగిలితే ఎవరు చూస్తారు, ఎవరు వస్తారు అన్నవే అసలు ప్రశ్నలు. వాటికి సమాధానం ఇంటింటికీ మారుతుంది.

ఉదాహరణకు మిల్టన్ కీన్స్ ప్రాంతాన్నే తీసుకుంటున్నాను. చిన్న పల్లె, మార్కెట్ టౌన్ (చుట్టుపక్కల పల్లెలకు సంత ఊరు లాంటి చిన్న పట్టణం), కొత్త ఎస్టేట్ (కొత్తగా కట్టిన ఇళ్ల కాలనీ), సిటీ సెంటర్ ఫ్లాట్, ఈ నాలుగూ ఇక్కడ కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్నాయి. అన్నిటినీ చూసుకునేది ఒకే పోలీసు దళం, థేమ్స్ వ్యాలీ పోలీస్. మీరు రెడింగ్‌లో ఉన్నా, కేంబ్రిడ్జ్ పక్కన చూస్తున్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

## ముందు నేరాల మ్యాప్ చదవడం రావాలి

పోలీస్ డాట్ యూకే సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఆ చుట్టుపక్కల నెలనెలా ఎన్ని నేరాలు నమోదయ్యాయో మ్యాప్ మీద కనిపిస్తుంది. 2010 డిసెంబర్ నుంచి వివరాలు ఉన్నాయి. మనవాళ్లు చాలామంది ఇది తెరిచి, చుక్కలు లెక్కపెట్టి, ఊరికి మార్కులు వేసేస్తారు. అలా వేసిన మార్కులను నమ్మడానికి లేదు.

మొదటి సంగతి, ఆ చుక్క అసలు చోటు కాదు. బాధితుల ఇల్లు బయటపడకుండా ప్రతి నేరాన్నీ దగ్గర్లోని ఒక నిర్ణీత బిందువు మీదికి జరుపుతారు. ఇళ్లున్న చోట ఒక్కో బిందువు కింద కనీసం ఎనిమిది చిరునామాలు ఉండేలా చూస్తారు. అందుకే అక్కడ "చర్చ్ లేన్ మీద లేదా దగ్గర్లో" అని ఉంటుంది. నాలుగు వీధులున్న పల్లెలో ఆ "దగ్గర్లో" అంటే ఊరి చివర పొలం దారి కూడా కావచ్చు. మీరు చూస్తున్న ఇంటి ముందే చుక్క ఉందని కంగారు పడకండి. లేదని మురిసిపోకండి.

రెండోది, చిన్న ఊళ్ల దగ్గర శాతాలు మోసం చేస్తాయి. లెక్క కోసం 400 మంది ఉన్న ఒక పల్లె అనుకుందాం. ఏడాదికి 12 ఘటనలు నమోదయ్యాయి, అంటే వెయ్యి మందికి 30. మరుసటి ఏడాది ఒకే రాత్రి ఎవరో వచ్చి ఆరు కార్ల అద్దాలు పగలగొట్టారు. మిగతాదంతా మామూలే. అయినా లెక్క వెయ్యికి 45 అయిపోతుంది, "నేరాలు 50 శాతం పెరిగాయి" అని ఏదో వెబ్‌సైట్ రాసేస్తుంది. ఊరు మారలేదు, ఒక్క రాత్రి చెడింది, అంతే. చిన్న ఊరికి ఒక నెల కాదు, ఒక ఏడాది కూడా చాలదు. కనీసం మూడేళ్ల లెక్క చూడండి. శాతం వదిలేసి, ఏ రకం నేరం, ఎన్నిసార్లు, ఏ నెలల్లో అని రాసుకోండి.

మూడోది చాలామందిని భయపెట్టేది. చాలా పల్లెల్లో మ్యాప్ తెరిస్తే "హింస, లైంగిక నేరాలు" అన్న వర్గమే అందరికంటే పైన కనిపిస్తుంది. వీధిలో కొట్టుకుంటున్నారేమో అనిపిస్తుంది. కానీ ఆ వర్గంలో నాలుగు గోడల మధ్య జరిగే గృహహింస ఉంటుంది, వెంటపడి వేధించడం ఉంటుంది, ఫోన్‌లో బెదిరింపు మెసేజ్‌లు పంపడం కూడా ఉంటుంది. రాత్రి నడిచి వచ్చే మనిషికి వీటిలో చాలావాటితో సంబంధం లేదు. కొత్తవాళ్లు చూడాల్సినవి ఇళ్లలో చోరీ, వాహన నేరాలు, దోపిడీ, ఆస్తి ధ్వంసం. ఈ నాలుగూ విడదీసి చూడండి. అల్లరి, గోల కింద వచ్చే "యాంటీ సోషల్ బిహేవియర్" నేరాల లెక్కలోకి రాదు, కానీ అదే మ్యాప్ మీద వేస్తారు. కొన్ని ప్రైవేటు సైట్లు దాన్నీ కలిపేసి "క్రైమ్ రేట్" అంటాయి. రెండు ఊళ్లను పోల్చేటప్పుడు అటూ ఇటూ ఒకే రకం లెక్క ఉందో లేదో చూసుకోండి.

ఇక మ్యాప్‌లో అసలే లేనిది ఆన్‌లైన్, ఫోన్ మోసం. ఇంగ్లండ్, వేల్స్‌లో ఏటా జరిగే క్రైమ్ సర్వేలో లెక్కకొచ్చే నేరాల్లో ఇప్పుడు 40 శాతం పైనే మోసాల వాటా. హోమ్ ఆఫీస్ నుంచి అంటూ వీసా పేరు చెప్పి బెదిరించే కాల్ పల్లెలో ఉన్నవాళ్లకీ వస్తుంది, సిటీలో ఉన్నవాళ్లకీ వస్తుంది. ఇల్లు మార్చినంత మాత్రాన దీని నుంచి తప్పించుకోలేం. బ్యాంకు పేరుతో అనుమానం కాల్ వస్తే పెట్టేసి 159కి చేయండి. చాలా పెద్ద బ్యాంకులకు అది నేరుగా కలుపుతుంది.

## చూసుకోవాల్సిన మిగతా విషయాలు

ఇంట్లో ఎవరు, ఎప్పుడు ఉంటారు. ఇద్దరూ రోజూ ఆఫీసుకు వెళ్లే ఇల్లు వేరు, ఒకరు ఇంటి నుంచే పనిచేసే ఇల్లు వేరు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆరు నెలలు వచ్చి ఉండే ఇల్లయితే లెక్క మొత్తం మారిపోతుంది.

రాత్రి ఇంటికి చేరే దారి. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సుకి ఊరి చోరీల లెక్క కంటే బస్టాప్ నుంచి ఇంటి దాకా దీపాలున్నాయా అన్నదే ముఖ్యం.

పిలిస్తే ఎవరొస్తారు, ఎంతసేపట్లో. పోలీసు కారు, అంబులెన్స్ రెండూ. పల్లెకు ఎక్కువ సమయం పట్టడం మామూలే.

బంగారం. ఇది మన ప్రత్యేక సమస్య. బ్రిటన్‌లో ఐదేళ్లలో దాదాపు 14 కోట్ల పౌండ్ల విలువైన ఆసియా కుటుంబాల బంగారం దొంగల పాలైందని 2019లో బీబీసీ పోలీసు దళాల లెక్కలు సేకరించి చెప్పింది. దసరా, దీపావళి దగ్గర పడితే చాలా చోట్ల పోలీసులే ప్రత్యేకంగా హెచ్చరికలు జారీ చేస్తారు. ఏ ఊళ్లో ఉన్నా ఈ ప్రమాదం మీతోపాటే వస్తుంది.

ఊళ్లో మనల్ని ఎలా చూస్తారు. దీని గురించి మనవాళ్లు గట్టిగా మాట్లాడరు గానీ ప్రతి ఇంట్లో ఆలోచన ఉంటుంది. కింద విడిగా రాశాను.

## చిన్న పల్లె

హ్యాన్స్‌లోప్, క్యాసిల్‌థోర్ప్, షెరింగ్టన్, ఎంబర్టన్ లాంటి ఊళ్లు. ఒక చర్చి, ఒక పబ్, ఒక విలేజ్ హాల్, అదృష్టముంటే ఒక షాపు, ఒక ప్రైమరీ స్కూలు.

ఇక్కడి బలం కళ్లు. తెలియని వ్యాన్ రెండోసారి వీధిలో తిరిగితే ఎవరో ఒకరు నంబర్ రాసుకుంటారు. ఇరుగుపొరుగు కలిసి వీధికి కాపలా కాసే నైబర్‌హుడ్ వాచ్ బ్రిటన్‌లో పుట్టిందే ఇలాంటి ఊళ్లో. 1982లో చెషైర్‌లోని మోలింగ్టన్ అనే చిన్న పల్లె వాళ్లు మొదలుపెట్టారు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. ఇప్పుడు కిటికీకి స్టిక్కర్‌తో పాటు వాట్సాప్ గ్రూప్ కూడా ఉంటోంది. పల్లెలో దోపిడీ, వీధిలో మనిషి మీద పడి ఫోన్ లాక్కుపోవడం లాంటివి చాలా అరుదు.

అయితే పల్లెకు దాని సొంత నేరాలు ఉన్నాయి. అవి సిటీ నుంచి వచ్చేవాళ్లకు తట్టవు. ట్రాక్టర్ల జీపీఎస్ పరికరాలు, క్వాడ్ బైకులు ఎత్తుకుపోవడం, పొలాల్లోకి కుక్కలతో దిగి కుందేళ్లను వేటాడటం, రాత్రికి రాత్రి లారీడు చెత్త దారి పక్కన పోసి వెళ్లిపోవడం, చర్చి కప్పు మీది సీసం రేకు పీక్కుపోవడం. రైతుల బీమా సంస్థ ఎన్ఎఫ్‌యూ మ్యూచువల్ లెక్క ప్రకారం 2023లో బ్రిటన్‌లో గ్రామీణ నేరాల నష్టం 5.28 కోట్ల పౌండ్లు, 2024లో 4.41 కోట్లు. సామగ్రి దొంగతనాన్ని అడ్డుకోవడానికి 2023లో ప్రత్యేక చట్టం కూడా తెచ్చారు. ఇవన్నీ ఎక్కువగా రైతులకు తగిలే దెబ్బలు. మీరు పొలం కొనడం లేదు కాబట్టి నేరుగా మీ మీద పడవు. కానీ ఇలాంటి ముఠాలు తిరిగే దారిలో షెడ్డుకు చిన్న తాళం వేసి, లోపల ఖరీదైన సైకిలు పెడితే అదీ పోతుంది.

మీకు నేరుగా తగిలేది ఒకటుంది, ఆయిల్ ట్యాంక్. చాలా పల్లెలకు గ్యాస్ లైన్ ఉండదు. ఇంటి పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకులో వెయ్యి లీటర్లో అంతకుమించో హీటింగ్ ఆయిల్ నింపుకుంటారు. చలికాలం ముందు ధర పెరిగితే దొంగలు పైపు పెట్టి తోడుకుపోతారు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ట్యాంక్ దగ్గరికి నడవండి. రోడ్డు మీదికి కనిపిస్తోందా? వ్యాన్ దాని పక్కదాకా రాగలదా? మూతకు తాళం ఉందా, మట్టం పడిపోతే మోగే అలారం ఉందా? వంటింటి కిటికీలోంచి ట్యాంక్ కనబడే ఇల్లు మేలు. బీమా పాలసీలో ట్యాంకులోని ఆయిల్‌కి కవర్ ఉందో లేదో కూడా అడగండి.

పొలం వైపు తెరుచుకున్న పెరడు ఫొటోల్లో ఎంత అందంగా ఉన్నా, దొంగకు అదే అనుకూలమైన దారి. ముందు వైపు ఊరంతా చూస్తుంది, వెనక ఎవరూ చూడరు. నేనైతే పల్లెలో రెండు ఇళ్లు ఒకే ధరకు దొరికితే, పెరళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నదే తీసుకోమంటాను, వ్యూ కాస్త తగ్గినా సరే.

పాత ఇళ్ల తలుపులూ అంతే. బీమా కంపెనీలు చెక్క తలుపుకి బీఎస్ 3621 (బ్రిటిష్ ప్రమాణం) గుర్తున్న ఐదు లీవర్ల తాళం అడుగుతుంటాయి. ఆ గుర్తు తలుపు అంచున, తాళం రేకు మీదే కొట్టి ఉంటుంది. చూడ్డానికి పది సెకన్లు చాలు.

పల్లెలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసేది దొంగలు కాదు, రోడ్లు. బ్రిటన్‌లో రోడ్డు ప్రమాద మరణాల్లో సగానికి పైగా గ్రామీణ రోడ్ల మీదే జరుగుతున్నాయి. ఫుట్‌పాత్ లేని, దీపాల్లేని ఇరుకు దారిలో 60 మైళ్ల వేగం చట్టప్రకారం చెల్లుతుంది. ఊళ్లో చోరీ జరగలేదని సంబరపడి, పిల్లవాడు స్కూలు బస్సు ఎక్కడానికి ఏ మలుపు దగ్గర నిలబడాలో చూడకపోతే భద్రత లెక్క సగమే వేసినట్టు.

ఊరి అసలు పరిస్థితి తెలుసుకోవాలంటే పారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) మీటింగ్ మినిట్స్ చదవండి. ఊరి వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. మ్యాప్‌లో కనిపించనివన్నీ అందులో దొరుకుతాయి. ఆట స్థలంలో బెంచీ ఎవరో తగలబెట్టారని, స్కూలు ముందు కార్లు వేగంగా వెళ్తున్నాయని, కార్ల వేగం కొలిచే స్పీడ్‌వాచ్‌కి వాలంటీర్లు కావాలని. ఒక ఏడాది మినిట్స్ వరసగా చదివితే ఊరు దేని గురించి బాధపడుతోందో అర్థమవుతుంది. ఏడాదంతా చర్చ కుక్కల పెంట గురించీ గడ్డి కోత గురించీ అయితే, నిశ్చింతగా ముందుకెళ్లొచ్చు. పోలీసు నివేదిక ప్రతి మీటింగ్‌లో ఉందంటే స్థానిక బృందంతో ఊరికి సంబంధం బతికే ఉందని అర్థం. మిల్టన్ కీన్స్‌లో సిటీ లోపలి ఎస్టేట్లకు కూడా పారిష్ లేదా టౌన్ కౌన్సిళ్లు ఉన్నాయి కాబట్టి ఈ పని అన్ని చోట్లా చేయొచ్చు.

## మార్కెట్ టౌన్

ఓల్నీ, న్యూపోర్ట్ ప్యాగ్నెల్. హై స్ట్రీట్, సూపర్ మార్కెట్, జీపీ సర్జరీ, మందుల షాపు నడిచి వెళ్లే దూరంలో ఉంటాయి. మ్యాప్ తెరిస్తే పల్లె కంటే చుక్కలు ఎక్కువ కనిపిస్తాయి. వాటిలో షాపుల్లో దొంగతనాలు, శుక్రవారం రాత్రి పబ్బుల ముందు గొడవలు ఎంతెంతో విడదీయండి. సూపర్ మార్కెట్‌లో జరిగిన దొంగతనం ఆ టౌన్ జనాభా మీద పడుతుంది గానీ మీ ఇంటికి సంబంధం లేదు. హై స్ట్రీట్ నుంచి రెండు వీధులు లోపలికి వెళ్తే లెక్క చాలా తగ్గిపోవడం సాధారణం.

రెండు టౌన్లకీ రైల్వే స్టేషన్ లేదు. లండన్ వెళ్లొచ్చేవాళ్లు కారు స్టేషన్ దగ్గర రోజంతా వదలాలి, రాత్రి దాని దగ్గరికి నడవాలి. ఈ ఒక్క విషయం మినహాయిస్తే, పెద్దవాళ్లున్న ఇంటికి నేను మొదట సూచించేది మార్కెట్ టౌనే. అమ్మ ఒక్కతే బయటికి వెళ్లి పాలు తెచ్చుకోగలదు, దారిలో మనుషులుంటారు, తప్పిపోతే అడగడానికి షాపులుంటాయి.

## కొత్త ఎస్టేట్

బ్రూక్‌లాండ్స్, వైట్‌హౌస్, ఫెయిర్‌ఫీల్డ్స్. మన తెలుగువాళ్లు ఎక్కువగా చూసేది ఇవే. పక్కింట్లో మనవాళ్లు, పార్కులో తెలుగు మాట, పండక్కి కమ్యూనిటీ హాల్.

ఇంటి నిర్మాణం వరకు వీటిదే మంచి స్థితి. 2015 అక్టోబర్ నుంచి ఇంగ్లండ్‌లో కట్టే కొత్త ఇళ్లకు తలుపులూ కిటికీలూ బలవంతంగా తెరవకుండా తట్టుకోవాలని భవన నిబంధనలే చెబుతున్నాయి. పాత రాతి ఇంటికి మీరు ఖర్చుపెట్టి చేయించాల్సింది ఇక్కడ బిల్డరే పెట్టి ఇస్తాడు.

బలహీనత కారు దగ్గర ఉంది. తాళం చెవి జేబులోంచి తీయకుండానే నడిపే కీలెస్ కార్లు ఇంటి ముందు వరసగా ఉంటాయి. తాళం చెవి హాల్లో, తలుపు పక్కన బల్ల మీద ఉంటే, బయట పరికరంతో ఒకడు ఆ సిగ్నల్ అందుకుని, ఇంకొకడు కారు దగ్గరికి పంపి, చప్పుడు లేకుండా తీసుకుపోతారు. సిగ్నల్ బయటికి పోనివ్వని చిన్న సంచిలో తాళం చెవి పెట్టండి, స్పేర్‌ది కూడా. స్టీరింగ్‌కి లాక్ వేయండి.

రెండోది, రోడ్లు. కొత్త ఎస్టేట్‌లో రోడ్లనీ వీధి దీపాలనీ కౌన్సిల్ తన చేతుల్లోకి తీసుకోవడానికి కొన్నేళ్లు పట్టొచ్చు. అప్పటిదాకా దీపం వెలగకపోతే బిల్డర్‌కి ఫోన్ చేయాలా, మేనేజ్‌మెంట్ కంపెనీకా అన్నది తేలదు. కొనేముందు మీ లాయర్‌ని ఇది రాతపూర్వకంగా అడగమనండి.

మూడోది మన గురించే. ఒకే వీధిలో పది తెలుగు, తమిళ, గుజరాతీ కుటుంబాలున్నప్పుడు దీపావళి సాయంత్రం అందరూ ఒకే ఫంక్షన్‌కి వెళ్తారు. వీధంతా ఖాళీ. ఆ రోజు ఆ ఇళ్లలో బంగారం ఉంటుందని తెలుసుకోవడానికి దొంగకు పెద్ద తెలివి అక్కర్లేదు. ఫంక్షన్ నుంచే లైవ్ ఫొటోలు పెట్టడం మానండి. పక్కన ఫంక్షన్‌కి రాని ఇంగ్లిష్ కుటుంబం ఉంటే పరిచయం పెంచుకోండి, ఒక కన్నేసి ఉంచమని అడగడానికి మొహమాటం వద్దు. సంతోషంగా చూస్తారు.

మిల్టన్ కీన్స్‌లో కాలినడకకీ సైకిళ్లకీ వేసిన రెడ్‌వే దారులు 300 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. పగలు పిల్లలకి వరం. రాత్రి కొన్ని చోట్ల చెట్ల మధ్య, అండర్‌పాస్‌ల కింద నుంచి వెళ్తాయి. స్టేషన్ నుంచి ఇంటికి రాత్రి దారి ఏదో ఆ టైముకే నడిచి చూడండి.

## సిటీ సెంటర్ ఫ్లాట్

మ్యాప్‌లో నాలుగిటిలోకీ చూడ్డానికి భయంకరంగా కనిపించేది ఇదే. సెంట్రల్ మిల్టన్ కీన్స్‌లో షాపింగ్ సెంటర్, స్టేషన్, బార్లు ఉన్నాయి. రోజూ వచ్చిపోయే జనంలో జరిగే నేరాలన్నీ అక్కడ నివసించే కొద్దిమంది తల మీద పడి రేటు ఆకాశానికి పోతుంది. మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి చోరీకి రావడం మాత్రం కష్టం. దీపాలు, కెమెరాలు, మనుషులు ఉంటారు. ఫోన్ లాక్కోవడం, సైకిల్ పోవడం, కింద హాల్లో పార్సిల్ పోవడం, ఇవే రోజువారీ చికాకులు. కారు లేని యువ జంటకి ఇది చెడ్డ ఎంపిక కాదు.

## ఒక్కచోట చూస్తే

| అంశం | చిన్న పల్లె | మార్కెట్ టౌన్ | కొత్త ఎస్టేట్ | సిటీ సెంటర్ ఫ్లాట్ |
|---|---|---|---|---|
| వీధిలో దోపిడీ భయం | చాలా అరుదు | తక్కువ | తక్కువ | ఉన్నంతలో ఎక్కువ |
| ఇంట్లో చోరీ | తక్కువే, వెనక పెరడు చూసుకోవాలి | వీధిని బట్టి | తలుపులు గట్టివి, పండగ రోజుల్లో జాగ్రత్త | పై అంతస్తులకు తక్కువ |
| కారు | పొలం సామగ్రి మీదే ముఠాల కన్ను ఎక్కువ | మధ్యస్థం | కీలెస్ కార్లకు ముప్పు | పార్కింగ్‌ని బట్టి |
| రాత్రి నడక | దీపాలు తక్కువ | బాగుంటుంది | దారిని బట్టి | వెలుతురు ఉంటుంది, తాగినవాళ్లూ ఉంటారు |
| అత్యవసర సాయం | ఆలస్యం కావచ్చు | మెరుగు | మెరుగు | త్వరగా |
| ఇరుగుపొరుగు కన్ను | బలంగా | బాగా | మనవాళ్లది బలం | తక్కువ |
| కారు నడపని పెద్దవాళ్లు | కష్టం | సులువు | బస్సును బట్టి | సులువు |

## మనం వేరుగా కనిపించే చోట

2024 జూలై ఆఖరులో సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నారుల్ని కత్తితో పొడిచి చంపిన ఘటన తర్వాత అల్లర్లు రేగినప్పుడు తెలుగు వాట్సాప్ గ్రూపులన్నీ టెన్షన్‌తో నిండిపోయాయి. అవి ప్రధానంగా హల్, మిడిల్స్‌బ్రో, సండర్లాండ్ లాంటి పట్టణాల్లో, నగరాల్లో జరిగాయి. చిన్న పల్లెల్లో అలాంటి మూకలు కనిపించలేదు. అయినా ఊళ్లో మీది ఒక్కటే గోధుమరంగు కుటుంబం అయినప్పుడు మనసులో ఉండే బరువు వేరు. దాన్ని తేలిగ్గా తీసేయమని నేను చెప్పను.

పల్లెలో ఇది రెండు వైపులా పనిచేస్తుంది. ఎవరైనా ఒకడు నోరు జారితే తప్పించుకు తిరగడానికి వేరే వీధి ఉండదు. అదే సమయంలో, మిమ్మల్ని పేరుపెట్టి పిలిచే నలుగురున్న ఊళ్లో, ఆ నోరు జారినవాడికి గట్టిగా చెప్పే మనిషి దొరుకుతాడు. ఆ నలుగురూ వాళ్లంతట వాళ్లు రారు. మార్చి 1 నుంచి జూన్ 1 లోపు ప్రతి పారిష్‌లో వార్షిక సమావేశం జరగాలి. అక్కడి ఓటర్లెవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. ఇండియన్ పాస్‌పోర్టుతో ఇక్కడ చట్టబద్ధంగా నివసించేవాళ్లకు కూడా కామన్వెల్త్ పౌరులుగా ఓటు హక్కు ఉంది. చాలామంది నమోదే చేసుకోరు. చేసుకోండి.

మీ రంగు, మతం, భాష కారణంగా దూషణ జరిగితే అది పోలీసులకు చెప్పాల్సిన విషయమే. ప్రాణాపాయం లేకపోతే 101, ఆన్‌లైన్‌లోనూ చెప్పొచ్చు. "చిన్నదే కదా" అని వదిలేస్తే మీ తర్వాత వచ్చే కుటుంబం చూసే లెక్కలో అది ఉండదు.

## మీరెవరు, ఏది నప్పుతుంది

ఇద్దరికీ కార్లున్నాయి, ఒకరు వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని, పిల్లలు ప్రైమరీ స్కూల్లో. పల్లె బాగా కుదురుతుంది. స్కూలు గేటు దగ్గరే ఊరు పరిచయమవుతుంది. సెకండరీకి వచ్చేసరికి బస్సు సంగతి ఇప్పుడే చూసుకోండి.

అమ్మానాన్నలు ఏటా వచ్చి ఉంటారు. మార్కెట్ టౌన్, లేదంటే బస్టాప్ ఆనుకుని ఉన్న కొత్త ఎస్టేట్. పల్లెలో పగలంతా వాళ్లిద్దరే ఉంటారు, బస్సు ఎప్పుడో ఒకటి, పక్కింటివాళ్ల ఇంగ్లిష్ యాస అర్థం కాదు. ఎక్కడున్నా సరే పోస్ట్‌కోడ్, ఇంటి నంబర్ పెద్ద అక్షరాలతో ఫోన్ పక్కన రాసి అంటించండి, 999కి అవి రెండూ ఎలా చెప్పాలో ఒకసారి చెప్పించండి.

రాత్రి షిఫ్టులు, కారు లేదు. పల్లె వద్దు. నేరాల లెక్క ఎంత తక్కువున్నా వద్దు.

డిపెండెంట్ వీసా మీద కొత్తగా వచ్చిన భార్య, డ్రైవింగ్ ఇంకా రాదు. ఈ సందర్భంలో మొహమాటం లేకుండా చెప్పాలి. బస్సు లేని పల్లెలో, తెలిసినవాళ్లు లేకుండా, పగలంతా ఒంటరిగా ఉంచడం మంచిది కాదు. సంసారం సవ్యంగా ఉన్నా ఆ ఒంటరితనం బరువే. సవ్యంగా లేకపోతే బయటపడే దారి కూడా మూసుకుపోతుంది. లైసెన్స్ వచ్చేదాకా టౌన్‌లో అద్దెకుండి, తర్వాత పల్లె చూడండి. ఇంట్లో హింస ఎదుర్కొనేవాళ్లకు 0808 2000 247 నంబర్ రోజంతా ఉచితంగా పనిచేస్తుంది. మొబైల్ నుంచి 999 చేసి మాట్లాడలేని పరిస్థితి ఉంటే, ఆపరేటర్ చెప్పినప్పుడు 55 నొక్కితే పోలీసులకు కలుపుతారు. మీరున్న చోటు మాత్రం దానంతట అది వాళ్లకు తెలిసిపోతుందని అనుకోకండి.

ఖరీదైన కొత్త కారు, ఇంట్లో నగలు ఉంచే అలవాటు. ఊరు మార్చే ముందు అలవాటు మార్చండి. బీమా పాలసీలో ఒక్కో నగకు పరిమితి ఎంతో చదవండి. దానికి మించినవి విడిగా పేరు రాయించాలి, ఫొటోలూ విలువ పత్రాలూ పెట్టుకోవాలి.

## ఆఫర్ పెట్టే ముందు వారం

ఎంచుకున్న రెండు మూడు పోస్ట్‌కోడ్‌లకు ఇంటి బీమా, కారు బీమా కొటేషన్ తీయండి. ఇల్లు కొనకముందే తీయొచ్చు, ఖర్చు లేదు. బీమా కంపెనీలు పోస్ట్‌కోడ్‌ని బట్టి ధర వేస్తాయి. అదే కారు, అదే డ్రైవర్, పోస్ట్‌కోడ్ ఒక్కటే మార్చి చూస్తే వచ్చే తేడా మీకు మ్యాప్ కంటే సూటిగా చెబుతుంది.

ఊరికి మూడు వేళల్లో వెళ్లండి: స్కూలు వదిలే సమయం, శుక్రవారం రాత్రి, శీతాకాలం సాయంత్రం చీకటి పడ్డాక. పగలు ఆదివారం వెళ్తే ప్రతి ఊరూ ముచ్చటగానే ఉంటుంది. గేటు దగ్గర ఎవరైనా కనిపిస్తే "ఇక్కడ ఎలా ఉంటుంది?" అని అడగండి. చోరీల గురించి సూటిగా అడిగినా ఎవరూ తప్పు పట్టరు, ఇంగ్లిష్ పల్లెల్లో పెద్దవాళ్లకు ఊరి కబుర్లు చెప్పడం ఇష్టం.

పోలీస్ డాట్ యూకేలోనే ఆ ఊరి స్థానిక బృందం పేజీ ఉంటుంది. ప్రస్తుతం వాళ్లు దేని మీద దృష్టి పెట్టారో, ప్రజలతో తర్వాతి సమావేశం ఎప్పుడో అక్కడ రాస్తారు. స్థానిక హెచ్చరికలు మెయిల్‌లో పంపే థేమ్స్ వ్యాలీ అలర్ట్‌లో ఆ పోస్ట్‌కోడ్‌కి ఇప్పుడే పేరు నమోదు చేసుకోండి. ఇల్లు రిజిస్ట్రేషన్ అయ్యేలోపు కొన్ని నెలలు గడుస్తాయి, ఆ నెలల్లో వచ్చే మెయిళ్లే మీకు ఆ ప్రాంతం గురించి చెబుతాయి. ఇంటి తాళం చెవులు చేతికొచ్చిన రోజున మొదట తలుపు తాళాల సిలిండర్లు మార్పించండి. పాత తాళం చెవులు ఎంతమంది దగ్గర ఉన్నాయో అమ్మినవాళ్లకే గుర్తుండదు.